నాలుగు నిమిషాల్లో ఇమడని పాట: విజయనగరంలో సైకెడెలిక్ బ్యాండ్

ఒకే స్వరాన్ని, ప్రతిధ్వనిని సాగదీసి వినేవాళ్ళను మైమరపించే సైకెడెలిక్ రాక్‌లో ఎలక్ట్రానిక్ శబ్దాలు కలిపి వాయించే ఇండీ బ్యాండ్, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా నడిచే బ్యాండ్, ఒకప్పుడు మహానగరాల్లోనే పుట్టేది. స్టూడియో, కరెంటుతో శబ్దం పుట్టించే ఖరీదైన సింథసైజర్, రాత్రి పూట వాయించుకునే క్లబ్బు, ఇవన్నీ అక్కడే ఉండేవి. ఇప్పుడు ఒక ల్యాప్‌టాప్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఒకటి రెండు గిటార్లు, ఉచితంగా దొరికే సింథ్ సాఫ్ట్‌వేర్ ఉంటే విజయనగరంలో డాబా మీది గదిలోనైనా ఆల్బమ్ తయారైపోతుంది. కాబట్టి ఈ ప్రాంతం నుంచి అలాంటి బ్యాండ్ వస్తుందా రాదా అన్నది పెద్ద ప్రశ్న కాదు. వచ్చినప్పుడు అది ఎలా వినిపించాలి, ఏది వదులుకోకూడదు అన్నదే ఆలోచించాల్సిన విషయం.

వదులుకోకూడనిది నిడివి. ఈ సంగీతం పనిచేసేదే నిడివి వల్ల. ఒకే స్వరం చాలాసేపు మోగుతూ ఉంటే, ఒకే దరువు మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉంటే, వినేవాళ్ళకు కాలం లెక్క సడలుతుంది. ఆ తర్వాత వచ్చే చిన్న మార్పు కూడా పెద్దగా తోస్తుంది. తెల్లవార్లూ కథ విని, గంటల తరబడి తప్పెటగుళ్ళు చూసిన ఉత్తరాంధ్రకు ఇది కొత్త అనుభవం కాదు. సినిమా పాట నాలుగైదు నిమిషాలకు, రీల్ అరనిమిషానికి అలవాటు చేసిన చెవికే కొత్త.

ముందుగా ఈ సంగీతం లోపల ఏముందో చూద్దాం. 1960ల మధ్యలో లండన్‌లోనూ శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ రాక్ బ్యాండ్లు రెండు పనులు ఒకేసారి మొదలుపెట్టాయి. ఒకటి, శ్రుతి మార్పులు తగ్గించి ఒకే ఆధార స్వరం మీద పాటను నిలబెట్టడం. ఇది భారతీయ సంగీతం నుంచి తీసుకున్నదే. 1966 నాటికి బీటిల్స్ రికార్డుల్లో తంబూరా మోగుతోంది. రెండోది, స్టూడియోలో ఉన్న టేపు మెషీన్‌ను కూడా ఒక వాద్యంగా వాడడం. టేపును వెనక్కి తిప్పడం, ముక్క కోసి చుట్టగా అతికించి అదే పనిగా తిప్పడం, ప్రతిధ్వని మీద ప్రతిధ్వని పేర్చడం ఆ రోజుల్లోనే వచ్చాయి. అదే దశాబ్దంలో, 1964లో, రాబర్ట్ మూగ్ తన సింథసైజర్‌ను బయటపెట్టాడు. 1983లో వచ్చిన మిడి ప్రమాణంతో వేర్వేరు కంపెనీల కీబోర్డులు, డ్రమ్ మెషీన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలైంది. సైకెడెలిక్, ఎలక్ట్రానిక్ అని రెండు పేర్లు వాడుతున్నా, రెండింటి మూలం యంత్రంతో కాలాన్ని సాగదీయడమే. అందుకే అవి అంత తేలిగ్గా కలిసిపోతాయి.

మన దేశంలోనూ దీనికి పాత చరిత్ర ఉంది. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ఒక మూగ్ సింథసైజర్ పెట్టారు. కొన్నేళ్ళ పాటు అక్కడి వాళ్ళు దాని మీద ప్రయోగాలు చేశారు. 1982లో చరణ్‌జిత్ సింగ్ అనే బొంబాయి వాద్యకారుడు డ్రమ్ మెషీన్, సింథసైజర్లతో రాగాలు వాయించి ఒక ఎల్పీ రికార్డు తెచ్చాడు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచం ఆశ్చర్యపోయింది. వినేవాళ్ళు దొరకడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది.

ఇక విజయనగరం, శ్రీకాకుళం వైపు వస్తే, ఒక్క వాద్యాన్ని దగ్గరగా చూస్తే చాలు, ఈ సంగీతానికి కావలసిన ముడిసరుకు ఎంత సిద్ధంగా ఉందో తెలుస్తుంది. అది జముకు. గుండ్రటి బోలు డొల్లకు ఒకవైపు చర్మం బిగించి ఉంటుంది. ఆ చర్మం మధ్యలోంచి ఒక తీగ బయటకు వస్తుంది. దాని రెండో కొస ఒక చేతి పట్టులో ఉంటుంది. వాయించేవాళ్ళు ఒక చేత్తో తీగను లాగి పట్టుకుని రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది. డప్పులా దరువేస్తుంది, తీగవాద్యంలా పలుకుతుంది, గొంతులా జారుతుంది. ఎల్లమ్మ కథ లాంటి జముకుల కథలు రాత్రంతా సాగేది దీని మీదే.

సింథసైజర్‌తో పరిచయం ఉన్నవాళ్ళు జముకును మొదటిసారి వింటే ఉలిక్కిపడతారు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారేటట్టు చేయడానికి సింథ్‌లో గ్లైడ్ అనే మీట ఉంటుంది. శబ్దం మొదట మెరిసి తర్వాత మందగించడానికి ఫిల్టర్ ఉంటుంది. జముకులో ఈ రెండూ ఒకే చేతి బిగువులో ఉన్నాయి. తీగ బిగువు మారిన క్షణంలోనే చర్మం బిగువు కూడా మారుతుంది కాబట్టి స్వరస్థాయి, శబ్దం రంగు కలిసే కదులుతాయి. సింథ్‌లో ఇది కావాలంటే రెండు మూడు నాబ్‌లను ఒకేసారి తిప్పాలి.

దీన్ని బ్యాండ్‌లోకి తేవడానికి సులువైన దారి, వాద్యం కంపనాన్ని నేరుగా అందుకునే కాంటాక్ట్ మైక్ ఒకటి డొల్ల అంచుకు అంటించడం. ఖరీదు తక్కువ, పక్కనున్న డ్రమ్స్ మోత అందులోకి పెద్దగా దూరదు. కాకపోతే అలాంటి మైకును నేరుగా మిక్సర్‌లో గుచ్చితే శబ్దం పల్చగా, రేకు డబ్బాలా వస్తుంది. ఆ సంకేతాన్ని మిక్సర్‌కు కుదిరేలా మలిచే ప్రీయాంప్ మధ్యలో పెట్టాలి. అక్కడి నుంచి శబ్దాన్ని గరుకుగా మార్చే ఫజ్ పెడల్‌కు, దాని నుంచి ప్రతిధ్వని పుట్టించే ఎకోకు పంపితే, బేస్ గిటార్ అవసరమే లేని పాట ఒకటి పుట్టొచ్చు. జముకును బేస్ స్థానంలో కూర్చోబెట్టడమే ఈ బ్యాండ్ చేయగలిగిన అతి పెద్ద పని. పాట మొదట్లో నాలుగు సార్లు మోగించి పక్కన పెట్టేస్తే అది అలంకారం కింద మిగిలిపోతుంది.

తప్పెటగుళ్ళ సంగతి వేరు. అక్కడ నేర్చుకోవలసింది వేగం గురించి. గుండె మీద వేలాడే గుండ్రటి తప్పెటను రెండు చేతులతో వాయిస్తూ, కాలి గజ్జెలతో అడుగులు వేస్తూ వలయంగా తిరిగే ఆ బృందం నిదానంగా మొదలై క్రమంగా ఊపందుకుంటుంది. ఎంత ఊపు ఎప్పుడు పెంచాలన్నది బృందమే నిర్ణయించుకుంటుంది. ఎలక్ట్రానిక్ సంగీతంలో చిక్కు సరిగ్గా ఇక్కడే వస్తుంది. ల్యాప్‌టాప్‌లో లూప్, అంటే అదే పనిగా తిరిగే శబ్దపు ముక్క, పెట్టారంటే దాని వేగం స్థిరం. డ్రమ్మర్ చెవిలో ఆ వేగాన్ని చెప్పే క్లిక్ మోగుతూ ఉంటుంది, మనుషులంతా దాని వెనక నడుస్తారు. చాలా కొత్త బ్యాండ్ల ప్రదర్శనలు బిగుసుకుపోయినట్టు ఉండడానికి ఇదే కారణం. దీన్ని తిరగేయాలి. యంత్రాలన్నిటినీ ఒకే వేగంతో నడిపే మిడి గడియారం ఒక దెబ్బకు 24 సార్లు సంకేతం పంపుతుంది. ఆ సంకేతం వేగాన్ని మనిషి చేతిలో పెట్టొచ్చు. కాలితో తొక్కిన వేగాన్నే యంత్రానికి అందించే ట్యాప్ టెంపో పెడల్ ఉంది. 2021లో వచ్చిన ఏబుల్‌టన్ లైవ్ 11 అనే సంగీత సాఫ్ట్‌వేర్ నుంచైతే మైకులో వినిపించే దరువును బట్టి సాఫ్ట్‌వేరే తన వేగం మార్చుకునే సదుపాయం కూడా ఉంది. యంత్రం తప్పెట వెనక నడిస్తే ఆ పాటలో ప్రాణం ఉంటుంది.

ఇప్పుడు ప్రతిధ్వని లెక్క. ఇది కాస్త ఓపిగ్గా చూడాల్సిన విషయం, కానీ ఈ ఊరి సంగీతానికి, ఈ తరహా రాక్‌కు అసలైన ముడి పడేది ఇక్కడే.

గురజాడ అప్పారావు విజయనగరంలో ఉండి తీర్చిదిద్దిన ముత్యాల సరం అనే ఛందస్సు మిశ్రగతిలో నడుస్తుంది. మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత కాలం. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్ళీ మూడు, నాలుగు. మొదటి మూడు పాదాలు పాదానికి 14 మాత్రల చొప్పున సాగుతాయి, నాలుగో పాదం పొట్టిగా ఉండొచ్చు. ఈ నడక మీద ఒక ఎకో పెడల్ పెట్టి, ప్రతిధ్వని సరిగ్గా మూడు మాత్రల తర్వాత వచ్చేటట్టు కట్టామనుకుందాం. మాత్రకు 0.3 సెకన్లు అనుకుంటే ఎకో 900 మిల్లీసెకన్లు. మొదటి మాత్ర మీద ఒక దెబ్బ పడింది. దాని మొదటి ప్రతిధ్వని నాలుగో మాత్ర మీద పడుతుంది, అంటే నాలుగు మాత్రల గణం మొదలయ్యే చోట. నడక స్పష్టంగా వినిపిస్తుంది. రెండోది ఏడో మాత్ర మీద, అంటే ఏడు మాత్రల ఆవర్తం కొసన. ఆపైన వచ్చేవి తర్వాతి ఆవర్తాల్లో వరుసగా మూడు, ఆరు, రెండు, అయిదు స్థానాల్లో పడతాయి. ఇక్కడ వినేవాళ్ళ లెక్క చెదిరిపోతుంది, ఎక్కడున్నామో తెలియదు. ఏడో ప్రతిధ్వని మళ్ళీ మొదటి మాత్ర మీదికే వచ్చి కూర్చుంటుంది. మొత్తం 21 మాత్రలు, 6.3 సెకన్లు. అలాంటి చుట్లు రెండు పూర్తయితే 42 మాత్రలు, అంటే సరిగ్గా మూడు పాదాలు. పొట్టి పాదం వచ్చేసరికి ప్రతిధ్వని ఇల్లు చేరి ఉంటుంది. ఆ ఒక్క పాదాన్ని ఎకో తీసేసి పొడిగా పాడితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇదే పని ఎనిమిది అక్షరాల ఆదితాళంలో నాలుగు అక్షరాల ఎకోతో చేస్తే ప్రతిధ్వని ఎప్పుడూ ఒకటి, అయిదు స్థానాల మీదే పడుతూ ఉంటుంది. బావుంటుంది, కానీ ఎటూ పోదు. పెడల్‌లో కంపెనీవాళ్ళు ముందే పెట్టి ఇచ్చే అమరికలు ఎక్కువగా నాలుగు లెక్క పాటల కోసం చేసినవి. వాటిని అలాగే వాడితే విజయనగరం బ్యాండ్ ఎక్కడి బ్యాండ్‌లానైనా వినిపిస్తుంది.

ఇంకో చిన్న లెక్క కూడా అవసరం. ఏడో ప్రతిధ్వని వినపడాలి కదా. ఒక్కో ప్రతిధ్వని ముందు దానిలో సగం బలంతో వస్తే ఏడోదానికి ఒక శాతం కూడా మిగలదు, ఎవరికీ వినపడదు. ఒక్కోటి 80 శాతం బలంతో వస్తే ఏడోదానికి 21 శాతం దాకా ఉంటుంది. అది చెవికి అందుతుంది. అయితే అంత ఎక్కువ పెడితే శబ్దాలు పోగై గందరగోళం అవుతుంది కాబట్టి, మిగతా వాద్యాలు బాగా తగ్గి వాయించాలి. తక్కువ దెబ్బలు, ఎక్కువ ఖాళీ. రిహార్సల్లో చాలామందికి కష్టమనిపించేది వాయించడం కాదు, ఈ ఆగడం.

బయటి వాద్యాన్ని మన సంగీతంలోకి తేవడం ఎలాగో ఈ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. 1919లో విజయరామ గజపతిరాజు ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యుడిగా వచ్చి 1936లో అధ్యక్షుడయ్యారు. ఘంటసాల, సుశీల ఇక్కడ చదువుకున్నవాళ్ళే. వయొలిన్ పుట్టింది ఐరోపాలో. కర్ణాటక సంగీతంలోకి వచ్చాక దాని తీగలను షడ్జమం, పంచమం, మళ్ళీ షడ్జమం, పంచమంగా శ్రుతి చేశారు. నిలబడి భుజాన పెట్టుకునేదాన్ని నేల మీద కూర్చుని, కొసను పాదానికి ఆనించి పట్టుకున్నారు. అప్పుడే చెయ్యి తీగ మీద స్వేచ్ఛగా జారింది, గమకం పలికింది. అంటే పాట మీద కొత్త శబ్దాన్ని అతికించి ఊరుకోలేదు, వాద్యం పట్టునే మార్చారు. సింథసైజర్ విషయంలోనూ జరగాల్సింది ఇదే. మామూలు కీబోర్డులో పిచ్ బెండ్ చక్రం అటు రెండు, ఇటు రెండు అర్ధస్వరాలకు కట్టి వస్తుంది. దాని పరిధి పెంచి, మీటల బదులు వేలు జారే రిబ్బన్‌తోనో టచ్ ప్యాడ్‌తోనో వాయిస్తే సింథ్ మీద కూడా గమకం వస్తుంది. పక్కనే బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసమానుతో వీణ చెక్కే కుటుంబాలున్నాయి. వీణలో తాళానికని విడిగా ఉండే మూడు తీగలను ఒక ఎలక్ట్రిక్ పికప్‌కు తగిలిస్తే బ్యాండ్‌కు శ్రుతి, దరువు ఒకచోట నుంచే వస్తాయి.

ఈ దారిలో ముందే నడిచినవాళ్ళలో తుర్కియే వాళ్ళను చూడాలి. 1965లో హుర్రియెత్ అనే దినపత్రిక గోల్డెన్ మైక్రోఫోన్ అని అర్థం వచ్చే పేరుతో ఒక పోటీ పెట్టింది. ఎలక్ట్రిక్ గిటార్లు వాడొచ్చు గానీ పాట సొంత భాషలో ఉండాలి, జానపద బాణీల నుంచి తీసుకోవాలి. కుర్రాళ్ళు పల్లె పాటలు వెతుక్కోవడం మొదలుపెట్టారు. అక్కడి పల్లె వాద్యమైన బాగ్లామాకు కరెంటు తగిలించారు. అనటోలియన్ రాక్ అని ఇప్పుడు ప్రపంచమంతా వింటున్న సంగీతం అలా ఊపందుకుంది. ఒక పత్రిక పెట్టిన పోటీ అంత పని చేసింది. మన దగ్గర ప్రతి ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్ట్‌లో బ్యాండ్ పోటీ ఉంటుంది. జముకు, తప్పెట, తుడుం వీటిలో ఒక్కటైనా పాటకు వెన్నెముకగా ఉండాలని ఒక్క నియమం పెడితే పరిస్థితి చాలా మారుతుంది. తెలుగులో చౌరస్తా బ్యాండ్ జానపదాన్ని జమైకా సంగీతమైన రెగ్గేతో కలిపి చూపించింది, జనం ఆదరించారు కూడా. సైకెడెలిక్ వైపు అంత బలమైన అడుగు ఇంకా పడాలి.

మనుషుల కొరత అంటారు గానీ అది కనిపించినంత పెద్దది కాదు. పెళ్ళిళ్ళకు, వినాయక చవితి పందిళ్ళకు తిరిగే ప్రతి ఆర్కెస్ట్రాలో పుల్లలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ వాయించేవాళ్ళు ఒకరుంటారు. ఆ ప్యాడ్స్‌లో ఒకటైన ఆక్టాప్యాడ్ 1985 నుంచి ఉంది. దాన్ని కరెంటు పోయి వచ్చే వేదికల మీద, సరైన మానిటర్ లేకుండా, ఏ పాట అడిగితే ఆ పాటకు వాయించేసే నైపుణ్యం వాళ్ళది. ఎలక్ట్రానిక్ దరువులో ఈ జిల్లాల్లో అంత అనుభవం ఉన్నవాళ్ళు ఇంకెవరూ ఉండరు. ఇండీ బ్యాండ్ పెట్టే కాలేజీ కుర్రాళ్ళు వాళ్ళ వైపు చూడరు, పెళ్ళి పాటల వాళ్ళు కదా అనుకుంటారు. ఇది పెద్ద పొరపాటు.

దూరం కూడా అడ్డం కాదు. ఈ తరహా సంగీతంలో ఇవాళ అందరూ చెప్పుకునే టేమ్ ఇంపాలా అనే బ్యాండ్ ఆస్ట్రేలియాలో మిగతా నగరాలన్నిటికీ దూరంగా పడి ఉన్న పెర్త్ నుంచి వచ్చింది. కెవిన్ పార్కర్ అనే ఒక్క మనిషి దాదాపు అన్ని వాద్యాలూ తనే వాయించి రికార్డు చేస్తాడు, వేదిక మీదికి మాత్రం స్నేహితులతో కలిసి వెళ్తాడు. విజయనగరం నుంచి విశాఖ అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద దాటుతుంది. ఊళ్ళో వినేవాళ్ళు పదిమందే ఉన్నా, ఆ నిశ్శబ్దంలో ఎవరి ఒత్తిడీ లేకుండా సొంత శబ్దం కుదురుతుంది.

సైకెడెలిక్ అనగానే మత్తు పదార్థాలు గుర్తొచ్చి ఇళ్ళల్లో టెన్షన్ పడతారు. 1960ల్లో ఆ సంగీతానికి, ఆ మత్తుకు సంబంధం ఉన్న మాట నిజం. గంజాయి కేసులు తరచూ వార్తల్లో ఉండే ప్రాంతంలో తల్లిదండ్రుల భయాన్ని తోసిపుచ్చకూడదు. కానీ చెవిని మైమరపించే పని చేసేది శ్రుతి, ఆవృత్తి, ప్రతిధ్వని. జాతరలో డప్పు మోతకు పూనకం వచ్చే మనిషి ఏ మందూ వేసుకోలేదు. అయితే పూనకాన్ని వేదిక మీద అనుకరించడం, అమ్మవారి కొలుపు దరువును రికార్డు చేసుకొచ్చి డాన్స్ లూప్ కింద పెట్టడం తగని పని. అది కొందరికి మొక్కు. దరువు నుంచి నేర్చుకోవచ్చు, దాన్ని ఎత్తుకురాకూడదు.

ఎక్కడ వాయించాలన్నది అసలు చిక్కు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు మోగకూడదు. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదిలో 15 రోజులకు మించకుండా. ఆసుపత్రులు, పరీక్షలు రాసే పిల్లలు ఉన్న ఊళ్ళో ఆ నియమం ఉండాల్సిందే. కానీ దానితో తెల్లవార్లూ సాగే కచేరీ ఆరుబయట అసాధ్యమైంది. మూసి ఉన్న ఆడిటోరియంల లోపలికి ఈ నిషేధం రాదు. విజయనగరంలో ఆనందగజపతి ఆడిటోరియం, శ్రీకాకుళంలో బాపూజీ కళామందిర్ లాంటి చోట్ల సాయంత్రం మొదలుపెట్టి మూడు గంటల పాటు ఒకే బ్యాండ్ వాయించొచ్చు. ఆరు బ్యాండ్లకు తలా పావుగంట ఇచ్చే కార్యక్రమాలు ఈ సంగీతానికి పనికిరావు. పావుగంటలో మొదటి శ్రుతి కూడా కుదరదు.

ఆరుబయట అవకాశం వస్తే, ఉదాహరణకు దసరా తర్వాత సిరిమానోత్సవం రోజుల్లో, ఇంకో సంగతి చూసుకోవాలి. స్తంభాలకు కట్టిన హారన్ మైకుల్లో కుడి ఎడమల తేడా ఉండదు. హెడ్‌ఫోన్స్‌లో తల చుట్టూ తిరిగే శబ్దం అక్కడ ఒకేచోట మోగుతుంది, కొన్నిసార్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమైపోతుంది కూడా. మిక్సింగ్ అప్పుడే రెండు చానెళ్ళూ కలిపి ఒక్కటిగా ఒకసారి విని సరిచేసుకోవాలి. వేదిక పక్కన పెద్ద బేస్ బాక్సులు ఉంటాయి కాబట్టి జముకు మాత్రం అక్కడే బాగా పలుకుతుంది.

చివరగా హక్కుల విషయం. ఉత్తరాంధ్రలో జనం నోట నానిన పాటలన్నీ ఎవరూ రాయనివి కావు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు పాటలు జానపదాల్లా ఊరూరా తిరుగుతాయి. ఆయన 2020లో పోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది కాబట్టి ఆ పాటలు వాడాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. 1915లో కన్నుమూసిన గురజాడ పద్యాలకు, 1945లో వెళ్ళిపోయిన నారాయణదాసు రచనలకు ఆ అడ్డు లేదు. బాణీ ఎవరిదీ కాకపోయినా వాయించిన మనిషికి హక్కు ఉంటుంది. రికార్డు చేసిన ప్రదర్శన మీద కళాకారుడి హక్కు 50 ఏళ్ళు. జముకు కళాకారుణ్ణి ఒకరోజు పిలిపించి, కూలి ఇచ్చి, శబ్దాలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, ఆనక ఆ శాంపిల్స్‌తో ఏళ్ళ తరబడి పాటలు చేసుకోవడం చాలా సులువు. అలా కాకుండా ఆయన్ను బ్యాండ్ సభ్యుడిగా తీసుకుని, పాట పేరు పక్కన ఆయన పేరు వేసి, స్ట్రీమింగ్‌లో వచ్చే కాస్త డబ్బులోనూ, ప్రతి ప్రదర్శన పారితోషికంలోనూ సమాన వాటా రాసివ్వాలి. ఆ కాగితం మొదటి రికార్డింగ్‌కు ముందే, అందరి సంతకాలతో, ఆయనకు చదివి వినిపించి రాసుకోవాలి.